మరణానంతర ర్యాప్ ఆల్బమ్‌పై సమీక్ష రాయడం ఎలా?

కన్నుమూసిన ర్యాపర్ పేరిట వచ్చిన ఆల్బమ్‌ను సమీక్షించదలచినవారు వినడానికి ముందే మూడు తేదీలు రాసి పెట్టుకోవాలి: గొంతు రికార్డయిన కాలం, కళాకారుడు మరణించిన రోజు, ఆల్బమ్ విడుదలైన రోజు. అమెరికన్ ర్యాపర్ నోటోరియస్ బి.ఐ.జి. 1997 మార్చి 9న హత్యకు గురి కాగా, ఆయన బతికుండగా సిద్ధం చేసుకున్న రెండో ఆల్బమ్ అదే నెల 25న వెలువడింది. దాన్ని మామూలు ఆల్బమ్‌లాగే తూచవచ్చు. ఆయన పేరిటే 1999లో వచ్చిన 'బార్న్ అగైన్' సంగతి వేరు. అది పాత చరణాలకు కొత్త బీట్లు, కొత్త అతిథులు చేర్చి ఇతరులు కూర్చిన పని.

తర్వాత ఎవరు ఏం చేశారన్న వివరాలు చదవాలి. సినిమా స్టూడియోలకు పేరొందిన కోడంబాక్కం రికార్డింగుల సంగతి ఎరిగిన చెన్నై తెలుగువారికి ఇది కొత్త కాదు: ఇక్కడ ముందు ఒకరిచేత ట్రాక్ పాడించి, తర్వాత అసలు గాయకుడిచేత పాడించడం పాత అలవాటే, ఆ ట్రాక్ విని పాట బాగోగులు ఎవరూ తేల్చరు. ర్యాపర్ వదిలి వెళ్లిన సగం చరణం, మాటలు కుదరక గొణిగిన వరుస కూడా ట్రాక్ వంటివే. వాటిని యథాతథంగా ఉంచారా, సాగదీశారా, అతిథులతో కప్పేశారా అన్నదే మన పరిశీలనలో కీలకం.

ఇందుకు రెండు ఆల్బమ్‌లను పక్కపక్కన వింటే చెవి తయారవుతుంది. ర్యాపర్ మాక్ మిల్లర్ 2018 సెప్టెంబరులో మరణించగా, ఆయనతో కలిసి పనిచేస్తున్న సంగీత నిర్మాత జాన్ బ్రయాన్ తమ మధ్య జరిగిన సంభాషణల ఆధారంగా 'సర్కిల్స్'ను పూర్తి చేశారు. 2020 జనవరిలో వచ్చిన ఆ ఆల్బమ్‌లోని నిరాడంబరతను విమర్శకులు మెచ్చుకున్నారు. దివంగత ర్యాపర్ పాప్ స్మోక్ పేరిట 2021 జూలైలో వచ్చిన 'ఫెయిత్' అమెరికా ఆల్బమ్‌ల జనాదరణ పట్టిక బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానంలో నిలిచినా, అతిథుల రద్దీలో అసలు మనిషే కనబడకుండా పోయాడని విమర్శలు ఎదుర్కొంది. అమ్మకాన్ని నాణ్యతకు కొలతగా తీసుకోరాదనడానికి ఇదే ఉదాహరణ. అనుమానం కలిగిన పాటలో దివంగతుడి గొంతు ఎన్ని నిమిషాలు వినిపించిందో గడియారం పెట్టి లెక్కించండి. చాదస్తంగా తోచినా, 'అతిథులు ఎక్కువయ్యారు' అన్న ఆరోపణకు ఆ లెక్కే ఆధారం.

ఇప్పుడు కృత్రిమ మేధ ప్రశ్న కూడా వచ్చి చేరింది. 1997లో మరణించిన గాయకుడు షాహుల్ హమీద్, 2022లో మరణించిన గాయకుడు బంబా బాక్యా గొంతులను 2024లో ఏ.ఆర్. రెహమాన్ ఒక తమిళ చిత్రగీతంలో పునఃసృష్టించినప్పుడు, కుటుంబాల అనుమతి తీసుకుని తగిన పారితోషికం ఇచ్చామని ప్రకటించారు. ర్యాప్ ఆల్బమ్ విషయంలోనూ అనుమతి ఎవరిచ్చారో, ఆ గొంతు నిజంగా రికార్డయినదో కాదో సమీక్షలో స్పష్టంగా చెప్పాలి.

విడుదలైన రోజే రాయకండి. తొలిసారి ఆ తొందరలో నేను రాసినది సమీక్ష కాక సంతాప తీర్మానంలా తేలింది. వారం ఆగి, ఆ ర్యాపర్ బతికుండగా వెలువరించిన చివరి ఆల్బమ్‌ను మళ్లీ విని, అప్పుడు కలం పట్టండి. మెప్పు రాసినా, తప్పు పట్టినా అది ఎవరికి చెందుతుందో ఆ వాక్యంలోనే పేరుతో తేల్చండి: చరణం బాగుంటే ర్యాపర్‌కు, కూర్పు చెడితే సంగీత నిర్మాతకు. ఇక 'ఆయన ఉండి ఉంటే మెచ్చుకునేవారు' అన్న వాక్యం చిత్తుప్రతిలో ఎక్కడైనా దొర్లితే, దాన్ని కొట్టివేసి పంపండి.