దేవమాలి కొండ మీద ఛార్జింగ్ ఎక్కట్లేదా? కారణాలు, పరిష్కారాలు

ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో ఉన్న దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు. సాలూరు, సుంకి మీదుగా వెళ్లి చలికాలంలో టెంటు వేసేవాళ్లకు అక్కడ ఎదురయ్యే ఇబ్బందులివి.

సమస్య: సోలార్ ప్యానెల్‌కు పెట్టిన ఫోన్ కాసేపు ఎక్కి ఆగిపోతుంది.

మబ్బు అడ్డొచ్చిన ప్రతిసారీ కరెంటు పడిపోతుంది. చాలా ఫోన్లు ఆ తర్వాత మళ్లీ ఎండొచ్చినా పాత వేగానికి రావు. వైరు తీసి మళ్లీ పెడితే అందుకుంటాయి గానీ, రోజంతా ఎవరు కాపలా కాస్తారు? పగలు ప్యానెల్ నుంచి పవర్ బ్యాంక్‌కు, రాత్రి పవర్ బ్యాంక్ నుంచి ఫోన్‌కు ఎక్కించడమే సరైన పద్ధతి. పవర్ బ్యాంక్‌ను ప్యానెల్ వెనక నీడలో పెట్టండి. ఎండలో కాలితే అది కూడా ఛార్జింగ్ ఆపేస్తుంది.

ప్యానెల్‌ను నేల మీద పరచొద్దు. డిసెంబర్‌లో అక్కడ మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణానికి తిప్పి, రాయి ఆనించి 40 డిగ్రీలు వాల్చండి. 20 వాట్లని రాసి ఉన్నా మంచి ఎండలో చేతికొచ్చేది 12 నుంచి 15. చెట్టు నీడ ఒక్క మూల మీద పడినా అది సగానికి పైగా పడిపోవచ్చు. వైరు అర మీటరు మించకూడదు. సన్నటి పొడుగు వైరులోనే వోల్టేజీ తగ్గిపోతుంది.

సమస్య: 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్‌ను రెండుసార్లు నింపట్లేదు.

లోపం కాదు. ఆ 10,000 లెక్క పవర్ బ్యాంక్ లోపలి బ్యాటరీది, 3.7 వోల్టుల దగ్గర. 5 వోల్టులకు మారేసరికి 6,000 నుంచి 6,500 మిగులుతుంది.

సమస్య: రాత్రి 60 శాతం ఉన్న ఫోన్ తెల్లారేసరికి 20కి దిగింది.

సిగ్నల్ అందని చోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మ్యాపులు కిందే డౌన్‌లోడ్ చేసుకోండి. చలికి ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోతే చొక్కా లోపల పెట్టి వెచ్చబరచండి, చాలాసార్లు తిరిగి లేస్తుంది. పడుకునేటప్పుడు స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి.

సమస్య: హెడ్‌ల్యాంప్ ఎక్కట్లేదు.

రెండు వైపులా టైప్-సి ఉన్న వైరుతో కొన్ని చవక ల్యాంపులు స్పందించవు. ఒకవైపు పాత పెద్ద యూఎస్‌బీ ఉన్న వైరు వాడండి. ఎక్కుతూ మధ్యలో ఆగితే, అది తీసుకునే కరెంటు మరీ తక్కువని పవర్ బ్యాంక్ ఆపేసినట్టు. తక్కువ కరెంటు మోడ్ ఉంటే ఆన్ చేయండి. చాలా వాటిలో బటన్ రెండుసార్లు నొక్కితే చాలు.

సమస్య: పోర్టులో తేమ ఉందని హెచ్చరిక.

మంచు పట్టింది. నోటితో ఊదొద్దు, పుల్ల పెట్టొద్దు. పోర్టు కిందికి ఉండేలా అరచేతికి తట్టి, గాలి తగిలేచోట అరగంట ఆరనివ్వండి. హెచ్చరిక పోయేదాకా వైరు పెట్టొద్దు.

పవర్ బ్యాంక్ పొట్ట ఉబ్బితే మాత్రం పరిష్కారం లేదు. వైరు పీకేసి, టెంటుకూ ఎండుగడ్డికీ దూరంగా రాతి మీద పెట్టండి; మళ్లీ ఎక్కించొద్దు.