వైర్‌లెస్ ఉష్ణోగ్రతా సెన్సార్లు: సమస్య, కారణం, సురక్షితమైన పరిష్కారం

వైర్‌లెస్ సెన్సార్‌కు తీగ లేదు కాబట్టి దాన్ని బిగించడంలో పెద్ద ప్రమాదమేమీ ఉండదని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. లేనిది సంకేతాన్ని మోసే తీగ మాత్రమే. పైపులోని ఒత్తిడి, ప్యానెల్‌లోని విద్యుత్తు, గాలిలో ఉండగల మండే ఆవిరి, నిచ్చెన ఎత్తు, చేతిని కాల్చే లోహం అన్నీ ఎప్పటిలాగే అక్కడే ఉంటాయి. అందువల్ల కింద చెప్పిన ఏ సమస్యకైనా పనిముట్టు తీసే ముందు పని అనుమతి పత్రం తీసుకోవాలి, ఆ రీడింగ్ మీద ఏదైనా అలారం లేదా ట్రిప్ (యంత్రాన్ని తనంతట తానే ఆపే రక్షణ) ఆధారపడి ఉందా అని కంట్రోల్ రూంలో అడగాలి, ఆ చోటు ప్రమాదకర ప్రాంతంగా వర్గీకరించినదా కాదా తెలుసుకోవాలి. వర్గీకరించిన ప్రాంతమైతే పరికరం మీది ధృవీకరణ పలకను ఆ జోన్‌తోనూ (ప్రమాద స్థాయిని బట్టి ఆ చోటుకు ఇచ్చిన వర్గం), ఉష్ణోగ్రతా తరగతితోనూ సరిపోల్చాలి. టీ4 అని ఉన్న పరికరం ఉపరితలం 135 డిగ్రీల సెల్సియస్‌ను, టీ6 అని ఉన్నది 85 డిగ్రీలను మించదని అర్థం.

సమస్యలను వెతికే క్రమంలో ఒక మాట గుర్తుంచుకోవాలి. మూగబోయిన సెన్సార్ ఎవరో ఒకరి దృష్టికి తప్పకుండా వస్తుంది, కానీ నమ్మదగినట్లు కనిపిస్తూ తప్పు చెప్పే సెన్సార్ నెలల తరబడి ఎవరి కంటా పడదు. అందుకే ఇక్కడ రేడియో సంగతుల కన్నా కొలత సంగతులకే ఎక్కువ చోటు ఇచ్చాను.

సమస్య: పరికరం నెట్‌వర్క్‌లో అసలు చేరడం లేదు

ఎక్కువ సందర్భాల్లో కారణం చిన్నదే. నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్యో, చేరిక కీ లోని ఒక అక్షరమో తప్పుగా నమోదై ఉంటుంది, లేదా గేట్‌వేలో (సెన్సార్ల సంకేతాలను అందుకుని కంట్రోల్ రూం వ్యవస్థకు చేరవేసే పెట్టెలో) కొత్త పరికరాలను అనుమతించే గడువు ముగిసి ఉంటుంది. చాలాకాలం నిల్వ ఉన్న లిథియం థయోనిల్ క్లోరైడ్ బ్యాటరీ అయితే లోపలి లిథియం మీద ఒక పలుచని పొర ఏర్పడి, మొదటిసారి ప్రసారానికి కావలసిన కరెంటు ఇచ్చేటప్పుడు వోల్టేజీ కాసేపు పడిపోతుంది. అప్పుడు పరికరం మేల్కొని, వెంటనే ఆగి, మళ్లీ మేల్కొంటూ ఉంటుంది.

దీనికి మందు ముందుజాగ్రత్తే. ప్రతి పరికరాన్నీ గేట్‌వే ఉన్న గదిలోనే బల్ల మీద ఉంచి నెట్‌వర్క్‌లో చేర్చి, కనీసం కొన్ని గంటలు నడిపి, ఆ తర్వాతే బిగించే చోటుకు తీసుకెళ్లాలి. అలా చేస్తే ఎత్తయిన మెట్ల మీద నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని మరో చేత్తో కీ టైపు చేసే అవసరం రాదు.

సమస్య: సంకేతం వచ్చిపోతూ ఉంది

ముందు సమయం చూడాలి. రీడింగులు ఎప్పుడెప్పుడు తప్పిపోయాయో రెండు మూడు రోజుల నమోదు తీస్తే, కారణం సగం అక్కడే తెలిసిపోతుంది. రోజూ ఒకే వేళకు పోతుంటే ఆ వేళకు దారికి అడ్డం వచ్చే క్రేనో, ట్రక్కో, మూసే ఇనుప తలుపో ఉంటుంది. ఒక తేదీ నుంచి శాశ్వతంగా బలహీనపడితే ఆ తేదీన అక్కడ కొత్త ట్యాంకో, పరంజానో, కేబుల్ ట్రేనో వచ్చి ఉంటుంది. ఏ క్రమమూ లేకుండా తరచూ పోతుంటే మరో రేడియో జోక్యాన్ని అనుమానించాలి.

పరిశ్రమల్లో వాడే వైర్‌లెస్‌హార్ట్, ఐఎస్‌ఏ100 వంటి రేడియో వ్యవస్థలు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో (ఫ్రీక్వెన్సీ బ్యాండ్‌లో) పనిచేస్తాయి. ఆ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. అంత చిన్న తరంగం ఇనుప పైపుల వరుసల మధ్య పరావర్తనం చెంది తిరిగి వచ్చి, ఒకచోట బలపడి, చేయెడు దూరంలోనే రద్దయిపోగలదు. కాబట్టి యాంటెన్నాను 10 సెంటీమీటర్లు జరిపినా ఫలితం మారడం మాయ కాదు. ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ సంకేతం 6 డెసిబెల్స్ తగ్గుతుంది, యంత్రాల మధ్య అంతకంటే ఎక్కువే తగ్గుతుంది. సంకేత బలం మైనస్ 70 డీబీఎం (సంకేత బలానికి కొలమానం, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ) దగ్గర ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మైనస్ 90 దగ్గర ఉంటే, ఈ రోజు పనిచేస్తున్నా వాన కురిసిన రోజునో పరంజా కట్టిన రోజునో ఆగిపోతుంది.

యాంటెన్నాను నిటారుగా, పెద్ద లోహపు ఉపరితలానికీ పైపుకూ కనీసం అర మీటరు దూరంగా ఉంచాలి. చేరాల్సిన మిగతా పరికరాల యాంటెన్నాలు కూడా నిటారుగానే ఉండాలి, ఒకటి పడుకుని మరొకటి నిలబడితే బలం వృథా అవుతుంది. పరికరాలు ఒకదాని సందేశాన్ని మరొకటి మోసే మెష్ పద్ధతిలో ప్రతి పరికరానికీ కనీసం మూడు పొరుగు పరికరాలు అందేలా చూడాలి. ఒకే పొరుగు మీద ఆధారపడిన పరికరం, ఆ పొరుగు బ్యాటరీ తీసిన రోజున తానూ మాయమవుతుంది. అదే పట్టీలో ఉన్న వై-ఫై 1, 6, 11 ఛానెళ్లను వాడుతుంటే, వాటి మధ్య ఖాళీల్లో పడే 15, 20, 25 ఛానెళ్లు సెన్సార్లకు సాధారణంగా ప్రశాంతంగా ఉంటాయి. ఛానెల్‌ను ఎంచుకునే వీలున్న వ్యవస్థల్లో ఇది వాడుకోవాలి.

చేయకూడనిది ఒకటి ఉంది. సంకేతం చాలడం లేదని ప్రమాదకర ప్రాంతంలోని పరికరానికి ఎక్కువ లాభం (గెయిన్, అంటే సంకేతాన్ని ఒక దిశలో బలపరిచే గుణం) ఉన్న వేరే యాంటెన్నా తగిలించకూడదు. రేడియో శక్తి కూడా లోహపు నిర్మాణాల్లో నిప్పురవ్వకు కారణం కాగలదు కాబట్టే, ఐఈసీ 60079-0 ప్రమాణం హైడ్రోజన్, ఎసిటిలీన్ వంటి వాయువులున్న చోట్లకు ఆ శక్తిని 2 వాట్లకు పరిమితం చేసింది. ఆ లెక్కలో యాంటెన్నా లాభం కూడా చేరుతుంది. ధృవీకరణ పరికరానికీ యాంటెన్నాకూ కలిపి ఇచ్చినది. ఒకటి మారిస్తే అది చెల్లదు. దూరం ఎక్కువైతే సంకేతాన్ని అందుకుని మళ్లీ పంపే రిపీటర్‌ను మధ్యలో పెట్టడమే సరైన దారి.

సమస్య: రీడింగ్ క్రమంగానే వస్తోంది, కానీ విలువ నమ్మశక్యంగా లేదు

మొదట నమ్మదగిన మరో కొలతతో పోల్చాలి. క్రమాంకనం చేసిన చేతి థర్మామీటర్‌తో అదే చోట, అదే నిమిషంలో చూడాలి. మెరిసే లోహం మీద పరారుణ తుపాకీని నమ్మకూడదు, అది చాలా తక్కువ చూపిస్తుంది.

ఒకసారి ఒక పంపు బేరింగ్ గూడు మీద బిగించిన సెన్సార్ 52 డిగ్రీలు చూపుతుండగా, పక్కనే తాకించి చూసిన థర్మామీటర్ 68 చూపింది. పట్టీ గట్టిగానే ఉంది, అంచుల్లో తెల్లటి ఉష్ణ పేస్టు కూడా కనిపిస్తోంది. పంపు ఆపి, విద్యుత్తు తీసి, తాళం వేసి సెన్సార్‌ను విప్పాక అసలు సంగతి బయటపడింది. సెన్సార్ అడుగు చదునుగా ఉంది, గూడు గుండ్రంగా ఉంది, మధ్యలో పాత రంగు పూతలు మందంగా పేరుకుని ఉన్నాయి. పేస్టు నిజంగా నలిగిన చోటు నెలవంకలా ఒక అంచున సన్నటి గీత మాత్రమే, మిగతా అంతా పెట్టినప్పటి ముద్దలాగే ఆరిపోయి ఉంది. అంటే ఆ సెన్సార్ కొలుస్తున్నది బేరింగ్ గూడునీ, చుట్టూ ఉన్న గాలినీ కలిపి. రంగును చేతి గీకుడుతో లోహం కనిపించేదాకా తీసి, గూడు వంపుకు సరిపోయే అడుగు పలక పెట్టి, పేస్టు పలుచగా రాసి, పైన ఇన్సులేషన్ కప్పాక తేడా 2 డిగ్రీలకు తగ్గింది. గ్రైండర్ వాడితే రవ్వలు లేస్తాయి, దానికి వేడి పనుల అనుమతి వేరే కావాలి. కాబట్టి చేతి గీకుడే మేలు.

థర్మోవెల్‌లో (సెన్సార్‌ను కాపాడేందుకు పైపులోకి దింపే, అడుగు మూసిన లోహపు గొట్టంలో) పెట్టిన సెన్సార్ తక్కువ చూపుతుంటే మొన అడుగుకు తగలడం లేదని ముందుగా అనుమానించాలి. స్ప్రింగ్‌తో అడుగుకు నొక్కి ఉండే సెన్సార్ వాడితే ఈ ఇబ్బంది ఉండదు. థర్మోవెల్ ప్రవాహంలోకి తగినంత దిగకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది, ఎందుకంటే పైపు గోడ వైపు వేడి తరలిపోతుంది.

స్పర్శ సరిగ్గా ఉంటే అప్పుడు తీగల వంతు. ఉష్ణోగ్రతతో పాటు నిరోధం పెరిగే ప్లాటినం రకమైన పీటీ100 సెన్సార్ 0 డిగ్రీల వద్ద 100 ఓంలు, 100 డిగ్రీల వద్ద 138.5 ఓంలు చూపుతుంది. అంటే డిగ్రీకి 0.385 ఓం. రెండు తీగల కలుపులో తీగలకూ వదులైన స్క్రూలకూ కలిపి ఒక ఓం అదనంగా చేరితే రీడింగ్ 2.6 డిగ్రీలు పెరిగిపోతుంది. మూడు లేదా నాలుగు తీగల కలుపు ఈ తప్పును దాదాపు తుడిచేస్తుంది, కానీ ట్రాన్స్‌మిటర్ (సెన్సార్ కొలతను చదివి రేడియోలో పంపే భాగం) అమరికలో కూడా అదే ఎంచుకుని ఉండాలి.

రెండు వేర్వేరు లోహపు తీగలను కలిపి, వాటిలో పుట్టే వోల్టేజీతో ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్‌లో వచ్చే తప్పు ఇంకా చమత్కారమైనది. తల (సెన్సార్ పైన తీగలు కలిపే పెట్టె) నుంచి ట్రాన్స్‌మిటర్ దాకా వేసిన పొడిగింపు తీగను రెండు చివరలా తిరగేసి కలిపితే, ఉష్ణోగ్రత పెరిగినప్పుడు రీడింగ్ కూడా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ తల 50 డిగ్రీల వద్ద, ట్రాన్స్‌మిటర్ 30 డిగ్రీల వద్ద ఉంటే రీడింగ్ ఆ తేడాకు రెట్టింపు, అంటే సుమారు 40 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. అదే చోట మామూలు రాగి తీగ వేసి ఉంటే సుమారు 20 డిగ్రీలు తక్కువ. తెల్లవారుజామున సరిగ్గా ఉండి, తల వేడెక్కే కొద్దీ తప్పు పెరుగుతుంటే ఇదే కారణమని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. రంగుల విషయంలో జాగ్రత్త అవసరం. కె రకం థర్మోకపుల్‌కు అంతర్జాతీయ ఐఈసీ పద్ధతిలో ఆకుపచ్చ ధన, తెలుపు రుణ తీగ. అమెరికన్ పద్ధతిలో పసుపు ధన, ఎరుపు రుణ తీగ. ఎరుపు ధన తీగే అయి ఉంటుందనే అలవాటు ఇక్కడ మోసం చేస్తుంది.

సమస్య: రీడింగ్ గంటల తరబడి కదలడం లేదు

తెర మీద 74.3 అని ఉంది, పొద్దున్నా 74.3, సాయంత్రమూ 74.3. ప్రక్రియ స్థిరంగా ఉందని సంతోషించకూడదు, నిజమైన ఉష్ణోగ్రత దశాంశ స్థానంలోనైనా అటూ ఇటూ ఊగుతుంది. ఇక్కడ సెన్సార్ ఎప్పుడో ఆగిపోయింది, గేట్‌వే తనకు చివరగా అందిన విలువనే పైవ్యవస్థకు మళ్లీ మళ్లీ అందిస్తోంది. ఈ జాబితా మొత్తంలో నన్ను ఎక్కువగా భయపెట్టే సమస్య ఇదే, ఎందుకంటే దీనిలో అలారం కూడా మోగదు.

పరిష్కారం గేట్‌వే అమరికలో ఉంది. ప్రసార వ్యవధికి మూడు నాలుగు రెట్ల సమయం గడిచినా కొత్త విలువ రాకపోతే రీడింగ్ నాణ్యత చెడ్డదని గుర్తు పెట్టి, తెర మీద అంకెకు బదులు గీతలు కనిపించేలా, ఆపరేటర్‌కు వేరే అలారం వచ్చేలా చేయాలి. ఆ తర్వాత ఒక పరికరం బ్యాటరీ తీసి, కంట్రోల్ రూంలో నిజంగా అలా జరుగుతోందా అని కళ్లారా చూడాలి. చూడకుండా సంతకం చేయకూడదు.

సమస్య: బ్యాటరీ చెప్పిన కాలం కన్నా చాలా ముందే అయిపోతోంది

నిమిషానికొకసారి కూడా ఎవరూ చూడని విలువను అయిదు సెకన్లకొకసారి పంపడం మొదటి కారణం. ఇతరుల సందేశాలను మోసే మధ్య పరికరంగా మారడం రెండోది, పక్కన రిపీటర్ పెడితే ఆ బరువు తగ్గుతుంది. మూడోది వేడి. వేడి పైపు మీద నేరుగా కూర్చున్న ట్రాన్స్‌మిటర్ చుట్టూ ఉష్ణోగ్రత తరచూ దాని పరిమితిని దాటుతుంది, ఆ పరిమితి చాలా పరికరాలకు 85 డిగ్రీలు. ఇన్సులేషన్ పైకి వచ్చే పొడవాటి మెడ వాడాలి లేదా ట్రాన్స్‌మిటర్‌ను పక్కకు జరిపి విడి బ్రాకెట్ మీద బిగించాలి.

ప్రమాదకర ప్రాంతంలో బ్యాటరీ మార్చవచ్చని తయారీదారు స్పష్టంగా రాస్తేనే అక్కడ మార్చాలి, అదీ అదే నమూనా బ్యాటరీతో. ప్లాస్టిక్ పెట్టెనూ యాంటెన్నానూ పొడి గుడ్డతో తుడవకూడదు, స్థిర విద్యుత్తు పుడుతుంది. తడి గుడ్డ వాడాలి.

సమస్య: స్విచ్‌గేర్ లోపలి సెన్సార్ రాత్రిళ్లు మూగబోతోంది

స్విచ్‌గేర్ (విద్యుత్ స్విచ్‌లు, బ్రేకర్లు ఉండే ప్యానెల్) లోని బస్‌బార్‌లో, అంటే కరెంటును మోసే లోహపు కడ్డీలో, ప్రవహించే కరెంటు నుంచే శక్తి తీసుకునే రకం సెన్సార్ అయితే, లోడ్ తగ్గిన వేళ దానికి చాలినంత శక్తి అందదు. అది లోపం కాదు, దాని స్వభావం. లోడ్ లేనప్పుడు కూడా రీడింగ్ కావాలంటే బ్యాటరీ ఉన్న రకం ఎంచుకోవాలి. తలుపు మూయగానే సంకేతం పోతుంటే గ్రహించే యాంటెన్నాను ఆ గది లోపలే పెట్టాలి. ఏది చేయాలన్నా సరఫరా తీసి, తాళం వేసి, విద్యుత్తు లేదని పరీక్షించి, ఎర్త్ చేశాకే తలుపు తెరవాలి. బిగించాక సెన్సార్ గానీ దాని పట్టీ తోక గానీ ఫేజుల మధ్య ఉండాల్సిన ఎడాన్ని తగ్గించకుండా చూసి, తోకను కత్తిరించాలి.

సమస్య: తల మూత తీస్తే లోపల తడి కనిపిస్తోంది

తడి రెండు రకాలు. మూత రబ్బరు వలయం పాడైనా, వాడని కేబుల్ రంధ్రానికి రవాణా కోసం పెట్టిన ప్లాస్టిక్ బిరడానే వదిలేసినా, గ్లాండ్ (కేబుల్ లోపలికి వచ్చే చోట బిగించే బిగింపు) వదులుగా ఉన్నా వాన నీరు చేరుతుంది. అది మట్టి వాసన వేస్తుంది, అడుగున నిలిచి ఉంటుంది. లోపల ఆరబెట్టి, వలయం మార్చి, ధృవీకరణకు తగిన లోహపు బిరడా బిగించి, కేబుల్ గ్లాండ్‌లోకి వచ్చే ముందు కిందికి వంగి నీటిబొట్టు జారేలా వేస్తే సరిపోతుంది.

రెండో రకం, పైపులో ప్రవహించేదే పైకి వచ్చిన తడి. దాని రంగు, వాసన ప్రక్రియ ద్రవానివే అయినా, మూత విప్పుతుంటే లోపలి నుంచి గాలి బుసకొట్టినా థర్మోవెల్ చిట్లిందని అర్థం. జపాన్‌లోని మోంజు రియాక్టర్‌లో 1995 డిసెంబర్ 8న ద్రవ సోడియం ప్రవాహంలో కంపించి విరిగిపోయినది ఇలాంటి థర్మోవెల్లే, అక్కడి నుంచే సోడియం బయటకు వచ్చి మంటలు రేగాయి. ప్రవాహం థర్మోవెల్ చుట్టూ సుడులుగా విడిపోయే వేగం దాని సహజ కంపనంతో కలిస్తే లోహం అలసిపోతుంది. కొత్తది ఎంచుకునేటప్పుడు ఏఎస్‌ఎంఈ పీటీసీ 19.3 టీడబ్ల్యూ ప్రమాణం ప్రకారం ఈ లెక్క చేయించాలి.

అలాంటి తడి కనిపించిన క్షణాన మూత ఇంకొక చుట్టు కూడా తిప్పకూడదు, సెన్సార్‌ను బయటకు లాగకూడదు, ఎందుకంటే ఆ లోపలి కడ్డీ ఒక్కటే ఇప్పుడు ఒత్తిడిని కొంతైనా ఆపుతూ ఉండవచ్చు. పక్కకు తొలగి, చుట్టుపక్కల వారిని దూరంగా పంపి, కంట్రోల్ రూంకు చెప్పి, ఆ లైనును వేరుచేసి ఒత్తిడి పూర్తిగా దించి, గేజీలో సున్నా చూశాకే ఆ జోడింపు విప్పాలి.