బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్‌కు జోనింగ్ అనుమతి – పాఠం 4: కౌంటీ దాకా వెళ్ళని దరఖాస్తు

మూడో పాఠం చివర మీ జోన్ ఏదో, యూజ్ టేబుల్‌లో (ఏ జోన్‌లో ఏ ఉపయోగానికి అనుమతి ఉందో చెప్పే పట్టికలో) బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్ వరసలో ఏం రాసుందో చూసి పంపమన్నాను. జోన్ పేరు అందరూ బాగానే పట్టుకున్నారు. అయితే చాలామంది చూసింది పక్క ఊరి జోనింగ్ కోడు. ఇవాళ సైట్ ప్లాన్ (స్థలం, ఇల్లు, పార్కింగ్ చూపే బొమ్మ) మొత్తం గీయిద్దామనుకున్నాను. అది కొంచెమే కుదురుతుంది, ముందు ఈ గందరగోళం తీరాలి.

న్యూయార్క్ రాష్ట్రంలో జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చో నిర్ణయించడం) చేసేది కౌంటీ (మన జిల్లా లాంటిది) కాదు. సిటీ, టౌన్, విలేజ్ ఎవరిది వాళ్ళు చేసుకుంటారు. (న్యూయార్క్ నగరం లెక్క పూర్తిగా వేరు, ఈ పాఠాల్లో దాని జోలికి పోము.) విలేజ్ భౌగోళికంగా టౌన్ లోపలే ఉన్నా, జోనింగ్ పెట్టుకుంటే అది దాని సొంతం. మీ చిరునామాలో ఉన్న ఊరి పేరు కేవలం పోస్టాఫీసు పేరు, దాన్నిబట్టి ఏదీ తేలదు. రైన్‌బెక్ పేరుతో టౌన్ ఉంది, అదే పేరుతో దాని లోపల విలేజ్ కూడా ఉంది. సాగర్టీస్ కూడా అంతే. టౌన్‌లో స్పెషల్ యూజ్ పర్మిట్‌తో (కోడ్ షరతులు తీరితే బోర్డు ఇచ్చే అనుమతితో) సరిపోయేది విలేజ్‌లో వేరే షరతులతో ఉండొచ్చు, అసలు ఒప్పుకోకపోవచ్చు కూడా.

తేల్చుకోవడానికి ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు. ఆస్తి పన్ను బిల్లు మీద మీది ఏ ఊరి పరిధో చెప్పే ఆరంకెల స్విస్ (SWIS) కోడ్ ఉంటుంది. మొదటి రెండంకెలు కౌంటీవి, తర్వాతి రెండు టౌన్‌వో సిటీవో, చివరి రెండు విలేజ్‌వి. చివర 89 ఉంటే మీరు టౌన్‌లో, విలేజ్ హద్దుకు బయట ఉన్నట్టు. టౌన్ కోడ్ చివర 00 ఉంటే ఆ టౌన్‌లో విలేజే లేదు. 01, 03 లాంటివి కనిపిస్తే విలేజ్ జోనింగ్ కోడ్ తెరవండి. రియల్టర్ చెప్పాడనో, మ్యాప్‌లో పేరు అలా ఉందనో దయచేసి రాయకండి.

రెండో తడబాటు ఖాళీ గడి దగ్గర. టేబుల్‌లో మీ జోన్ కింద గడి ఖాళీగా ఉంటే నిషేధం లేదని కాదు. పేర్కొనని ఉపయోగం నిషిద్ధమే అని దాదాపు ప్రతి కోడ్‌లోనూ ఓ వాక్యం ఉంటుంది. అక్కడ పర్మిట్ అడగడానికి లేదు, యూజ్ వేరియన్స్ (నిషిద్ధ ఉపయోగానికి మినహాయింపు) అడగాలి. దానికి నాలుగు పరీక్షలు, నాలుగూ నెగ్గాలి: అనుమతి ఉన్న ఏ ఉపయోగంతోనూ సరైన రాబడి రాదని లెక్కల కాగితాలతో చూపాలి, ఆ కష్టం మీ స్థలానికి ప్రత్యేకమై ఉండాలి, పరిసరాల స్వభావం మారకూడదు, కష్టం మీరు తెచ్చిపెట్టుకున్నది కాకూడదు. ఓ కుటుంబం నిక్షేపంగా కాపురం ఉండగల ఇంటితో మొదటి పరీక్షే దాటలేరు. జోన్ తెలిసి కొన్నవాళ్ళు నాలుగోది దాటరు. కాబట్టి ఖాళీ గడి ఉన్న ఇల్లు కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే టౌన్ బోర్డును కోడ్ సవరించమని అడగడమే మిగిలిన దారి, అది ఈ పాఠాల పరిధి కాదు.

గడిలో స్పెషల్ యూజ్ పర్మిట్ అని ఉంటే పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. ఈ ఉపయోగం ఈ జోన్‌కు తగినదేనని శాసనం చేసినవాళ్ళే ముందే ఒప్పుకున్నట్టు, ఇది 1972 నుంచీ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం చెబుతున్న మాటే. మీరు చూపవలసింది కోడ్‌లో రాసిన షరతులన్నీ తీరాయని మాత్రమే. వీధిలో వాళ్ళకి నచ్చలేదన్న ఒక్క కారణంతో బోర్డు కాదనలేదు. అందుకని, గడిలో పర్మిట్ అనే ఉన్నా దరఖాస్తులో ‘వేరియన్స్ ఇప్పించగలరు’ అని రాసినవాళ్ళు ఆ మాట కొట్టెయ్యండి. మీ మెడకు మీరే ఉరి తగిలించుకుంటున్నారు.

ఒక్క మినహాయింపుంది. కోడ్ 2 ఎకరాలు అడుగుతోంది, మీకు 1.6 ఉంది అనుకోండి. అప్పుడు ఏరియా వేరియన్స్ (కొలతల నియమానికి మినహాయింపు) కావాలి. ఇది యూజ్ వేరియన్స్ అంత కఠినం కాదు, మీ ప్రయోజనాన్నీ పరిసరాలకు జరిగే హానినీ తూచి చెబుతారు. మామూలుగా వేరియన్స్‌లు తేల్చే జోనింగ్ బోర్డ్ ఆఫ్ అప్పీల్స్ ముందుకు వెళ్ళాలంటే మొదట జోనింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ అధికారి ఇచ్చిన తిరస్కరణ ఉండాలి, అది దాఖలైన 60 రోజుల్లో వెళ్ళాలి. కానీ స్పెషల్ యూజ్ పర్మిట్‌తో ముడిపడిన ఏరియా వేరియన్స్‌కు తిరస్కరణ లేఖ అక్కర్లేదు, నేరుగా వెళ్ళొచ్చు. టౌన్ లా 274-బి సెక్షన్‌లో ఉంది. కౌంటర్ దగ్గర లేఖ తెమ్మంటే ఆ సెక్షన్ నంబరు మర్యాదగా చెప్పండి.

ఫారం, ఫీజు, దస్తావేజు నకలు, సర్వే గురించి చెప్పేదేం లేదు. అడిగినన్ని కాపీలు ఇవ్వండి. పర్మిట్ ఇచ్చేది ప్లానింగ్ బోర్డా, అప్పీల్స్ బోర్డా, టౌన్ బోర్డేనా అన్నది మీ కోడే చెబుతుంది.

గదుల సంఖ్య మాత్రం ఇప్పుడే తేల్చుకోండి. రాష్ట్ర బిల్డింగ్ కోడ్‌లో బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్ ఇల్లంటే యజమాని కాపురముండే ఇల్లు, అతిథులకు 3 నుంచి 5 పడకగదులు, మొత్తం 10 మందికి మించని అతిథులు. ఆరో గది అడిగితే ఆ నిర్వచనం దాటిపోతారు. యజమాని నివసించే ఇంటికి వికలాంగుల హక్కుల ఫెడరల్ చట్టం ఇచ్చే మినహాయింపు కూడా అద్దెకిచ్చే 5 గదుల దగ్గరే ఆగుతుంది. సెప్టిక్ ఉన్నవాళ్ళు ఇంకో లెక్క వేసుకోవాలి: కొత్త రకం కుళాయిలు, టాయిలెట్లు ఉంటే పడకగదికి రోజుకు 110 గ్యాలన్లు. మూడు పడకగదులకని 330 గ్యాలన్లకు కట్టిన సెప్టిక్ మీద ఐదు పడకగదులు చూపిస్తే 550 అవుతుంది, కౌంటీ ఆరోగ్య శాఖ ఒప్పుకోదు. కుట్టుమిషను గదినీ పుస్తకాల గదినీ పడకగది చేసినా లెక్క పెరిగినట్టే.

పార్కింగ్. సాధారణంగా ఇంటికి 2, ఒక్కో అతిథి గదికి 1. మూడు గదులైతే 5 కార్లు. ఒక్కో స్థలం 9 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. ఎదురుగా తిప్పుకోవడానికి 24 అడుగుల దారి వదలాలి. అంటే 45 అడుగుల వెడల్పు, 42 అడుగుల లోతు, 1,890 చదరపు అడుగులు. ‘మా డ్రైవ్‌వేలో వరసగా నాలుగు కార్లు పడతాయి’ అని రాసినవాళ్ళకి: ఒకదాని వెనక ఒకటి నిలిపితే చాలా కోడ్‌లు లెక్కలోకి తీసుకోవు, వెనకవాడు నిద్రలేస్తే గానీ ముందువాడు కదల్లేడు కాబట్టి. ముందు యార్డులో పెట్టకూడదన్న నియమం ఉందేమో చూడండి. కంకర పరిచినా కవరేజ్ శాతంలో (స్థలంలో ఎంత భాగం కప్పేశారన్న లెక్కలో) కలిపే కోడ్‌లున్నాయి. మంచు ఎక్కడికి తోస్తారో ప్లాన్ మీద చూపండి. ఆ గుట్ట రెండు కార్ల స్థలం మింగేస్తుందని బోర్డు వాళ్ళకి బాగా తెలుసు.

ఇక అసలు విషయం, దరఖాస్తును కౌంటీకి పంపమనే రాష్ట్ర చట్టం, జనరల్ మునిసిపల్ లా 239-ఎం. దీన్ని ఎవరూ పట్టించుకోరు. లాయర్లను పెట్టుకున్నవాళ్ళు కూడా ‘అది బోర్డు పని కదా’ అంటారు. పని బోర్డుదే, నష్టం మాత్రం మీది.

మీ ఆస్తి కింది వాటిలో దేనికైనా 500 అడుగుల లోపు ఉంటే, పర్మిట్ దరఖాస్తును నిర్ణయానికి ముందే కౌంటీ ప్లానింగ్ సంస్థకు పంపి తీరాలి: టౌన్, విలేజ్ లేదా సిటీ హద్దు, కౌంటీ లేదా రాష్ట్ర పార్కు హద్దు, కౌంటీ లేదా రాష్ట్ర రోడ్డు, కౌంటీకి చెందిన డ్రైనేజీ కాలువ, ప్రభుత్వ భవనం ఉన్న కౌంటీ లేదా రాష్ట్ర స్థలం, వ్యవసాయ జిల్లాలోని (వ్యవసాయానికి ప్రత్యేకించిన ప్రాంతంలోని) సాగు క్షేత్రం. అతిథులు రావడానికి వీలుగా ఉన్న ఇల్లంటే రూట్ 9 మీదో రూట్ 28 మీదో ఉంటుంది, రెండూ రాష్ట్ర రోడ్లే. విలేజ్‌లో మెయిన్ స్ట్రీట్ చాలాచోట్ల రాష్ట్ర రోడ్డే. విలేజ్‌లు చిన్నవి కాబట్టి హద్దు కూడా దగ్గరే ఉంటుంది. మొత్తానికి తప్పించుకునేవాళ్ళు తక్కువ.

పంపకుండా బోర్డు అనుమతి ఇచ్చేస్తే ఏమవుతుంది? ఆరోజు ఏమీ కాదు. మీరు స్నానాల గదులు కట్టిస్తారు, కంకర పరుస్తారు. పక్కింటివాళ్ళు ఆర్టికల్ 78 కింద (బోర్డుల నిర్ణయాలను సవాలు చేసే దావాతో) కోర్టుకు వెళ్తారు. కౌంటీకి పంపకపోవడాన్ని కోర్టులు చిన్న లోపంగా చూడవు, బోర్డుకు ఆ నిర్ణయం చేసే అధికారమే లేదంటాయి. మీ పార్కింగ్ ఎంత బాగుంది, ఎంతమంది మద్దతిచ్చారు అన్న చర్చే రాదు. అనుమతి రద్దు, మళ్ళీ మొదటినుంచి.

దూరం కొలిచేది ఇంటి గోడ నుంచి కాదు, స్థలం హద్దు నుంచి. ఇల్లు చిన్న లోకల్ సందులో ఉంది, కౌంటీ రోడ్డు 700 అడుగుల దూరం అనుకోండి. కానీ వెనక అడవిలోకి పోయిన మీ స్థలం హద్దు ఆ రోడ్డుకు 310 అడుగులే. పంపాల్సిందే. రోడ్డు అవతల పొలంలో ఎండుగడ్డి తప్ప ఏమీ కనిపించకపోవచ్చు, వ్యవసాయ జిల్లాలో ఉన్న క్షేత్రమైతే అదీ లెక్కే. పక్క టౌన్ హద్దు 500 అడుగుల లోపుంటే ఆ టౌన్ క్లర్క్‌కు కూడా విచారణ నోటీసు వెళ్ళాలి, అది 239-ఎన్‌ఎన్. ‘మా కౌంటీతో ఒప్పందం ఉంది, చిన్నవి పంపం’ అని క్లర్క్ అంటే అది నిజమే కావచ్చు, చట్టం అలాంటి ఒప్పందాన్ని ఒప్పుకుంటుంది. అయితే ఆ ఒప్పందం కాపీ తీసుకోండి, అందులో స్పెషల్ యూజ్ పర్మిట్ ఉందో లేదో చదవండి. ఒప్పందం ఉన్నా నేనైతే పంపమనే అడుగుతాను. పోయేది 30 రోజులే.

ఆ 30 రోజులు ఎప్పుడు మొదలవుతాయో చూడండి. కౌంటీకి మొత్తం సామగ్రి అందిన రోజు నుంచి. మొత్తం అంటే బోర్డుకు ఇచ్చినవన్నీ, పర్యావరణ అంచనా ఫారంతో సహా. ఆ ఫారంలో మొదటి భాగమే మీరు నింపాలి. రెండు, మూడు భాగాలు బోర్డువి, వాటిలో చెయ్యి పెట్టకండి. మొదటి భాగంలో ఖాళీలుంటే కౌంటీ ‘అసంపూర్ణం’ అని తిప్పి పంపుతుంది, గడియారం మొదలవదు.

తేదీలతో చూద్దాం. బోర్డు ప్రతినెలా మొదటి మంగళవారం కూర్చుంటుంది. మార్చి 3న పూర్తి దరఖాస్తు అందింది, కౌంటీకి మార్చి 6న చేరింది. ఏప్రిల్ 5తో 30 రోజులు నిండాయి, ఏప్రిల్ 7న విచారణ జరిపి అదేరోజు ఓటు వెయ్యొచ్చు. అదే ఫారంలో ఖాళీల వల్ల కౌంటీకి మార్చి 20న చేరితే గడువు ఏప్రిల్ 19. ఏప్రిల్ 7న విచారణ మొదలుపెట్టొచ్చు గానీ, కౌంటీ జవాబు ముందే వస్తే తప్ప ఓటు కుదరదు. మే 5 దాకా ఆగాలి. ఒక్క ఖాళీ గడికి ఒక నెల.

పత్రికా ప్రకటన విచారణకు కనీసం 5 రోజుల ముందు రావాలి. అధికారిక పత్రిక వారపత్రికై గురువారం వస్తే ఏప్రిల్ 2 సంచిక అంచు మీద ఉంటుంది, మార్చి 26 సంచికే అడగండి. విచారణ దరఖాస్తు అందిన 62 రోజుల్లో, నిర్ణయం విచారణ ముగిసిన 62 రోజుల్లో జరగాలి. ఇద్దరూ ఒప్పుకుంటే పొడిగించుకోవచ్చు. గడువు దాటినంత మాత్రాన అనుమతి దానంతటదే వచ్చినట్టు కాదు.

ఓట్లు మొత్తం సభ్యుల్లో సగానికి పైగా రావాలి, హాజరైనవాళ్ళలో కాదు. ఐదుగురి బోర్డుకు ముగ్గురే వస్తే ఆ ముగ్గురూ ఔననాలి. కౌంటీ వద్దందా, నాలుగు కావాలి. ముగ్గురే కనిపించిన సాయంత్రం ఓటు వాయిదా కోరండి, మొహమాటపడకండి. కౌంటీ చూశాక మూడు గదుల్ని ఐదు చేస్తే మళ్ళీ పంపాల్సి వస్తుంది, కాబట్టి ఆ ఆలోచనేదో ముందే చేసుకోండి. తీర్మానంలో కౌంటీకి పంపిన తేదీ, వచ్చిన జవాబు రాయమని అడగండి. నిర్ణయం టౌన్ క్లర్క్ దగ్గర దాఖలయ్యాక 30 రోజులు కోర్టుకు వెళ్ళే గడువు. అది దాటేదాకా గోడకు సుత్తి తగలనివ్వకండి.

అభ్యాసం. కౌంటీ మ్యాప్‌లో మీ స్థలం హద్దు చుట్టూ 500 అడుగుల గీత గీసి, లోపల పడ్డ ప్రతి రోడ్డు, హద్దు, పార్కు, పొలం పేరు, దూరం రాయండి. ఒకటి దొరికింది కదా అని ఆపకండి, అన్నీ కావాలి. రాబోయే మూడు బోర్డు సమావేశాలు తీసుకుని ఒక్కోదానికి వెనక్కి లెక్కేసి, కౌంటీకి చేరాల్సిన తేదీ, పత్రిక సంచిక తేదీ, దరఖాస్తు ఇవ్వాల్సిన తేదీ పట్టిక వెయ్యండి. పర్యావరణ ఫారం మొదటి భాగం ఒక్క ఖాళీ లేకుండా నింపండి. చివరగా పార్కింగ్, 1 అంగుళానికి 20 అడుగుల స్కేలుతో, మంచు గుట్టతో సహా. స్కేలు లేని బొమ్మలు నేను చూడను.