పాత కంప్యూటర్‌లో పెద్ద హార్డ్ డిస్క్ సరిగా కనిపించకపోతే

సమస్య: కొత్త డిస్క్ తగిలించాం, కానీ మై కంప్యూటర్‌లో రావడం లేదు.

కేబుళ్లు మార్చడం, డిస్క్ పోయిందనుకుని వాపసు పంపడం తర్వాత. ముందు విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ అనే టూల్ తెరిచి చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటే చూడరు. కొత్త డిస్క్‌లో పార్టిషన్ (వాడుకోవడానికి కేటాయించిన భాగం) ఉండదు, డ్రైవ్ లెటర్ ఉండదు, మరి ఐకాన్ ఎలా వస్తుంది? అక్కడ నల్ల పట్టీ కింద ‘అన్‌ఎలొకేటెడ్’ అని ఉంటే డిస్క్ బాగున్నట్టే. ఇనిషియలైజ్ చేసేటప్పుడు (కొత్త డిస్క్‌ని వాడకానికి సిద్ధం చేసేటప్పుడు) పార్టిషన్ల పట్టిక ఏ రకమో అడుగుతుంది. పాతదైన ఎంబీఆర్ వద్దు, కొత్తదైన జీపీటీ ఎంచుకోండి. ఎంబీఆర్ 2048 జీబీ దాటి వాడుకోనివ్వదు.

సమస్య: 3 టీబీ డిస్క్ 746 జీబీయే చూపిస్తోంది.

నకిలీ డిస్క్ అంటగట్టారని అనుకునేది ఇక్కడే. నిజానికి ఆ 746లోనే జవాబు ఉంది. 3 టీబీని విండోస్ 2794 జీబీగా చూపిస్తుంది. అందులోంచి 2048 తీసేస్తే మిగిలేది 746. 4 టీబీ డిస్క్ అయితే 1678 అని వస్తుంది. పాత స్టోరేజ్ డ్రైవర్ (విండోస్‌ని డిస్క్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్) సెక్టార్లను, అంటే డిస్క్‌లోని చిన్న చిన్న గళ్లను, 32 బిట్లలోనే లెక్కపెడుతుంది. సెక్టార్‌కి 512 బైట్ల చొప్పున అది సరిగ్గా 2048 జీబీకి నిండిపోతుంది. ఆ తర్వాత బండి మీటర్ తిరిగినట్టు మళ్లీ సున్నా నుంచి మొదలు.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌లో) 3 టీబీ అనే ఉంటుంది, వేరే కంప్యూటర్‌కి పెడితే అక్కడా సరిగానే వస్తుంది. దాంతో ఫార్మాట్ మీద ఫార్మాట్ కొడుతూ కూర్చుంటారు. జీపీటీ పెట్టినా 746 మారదు, ఎందుకంటే విండోస్‌కి ఆ లెక్క చెబుతున్నదే డ్రైవర్.

డివైస్ మేనేజర్‌లో స్టోరేజ్ కంట్రోలర్ డ్రైవర్ వెర్షన్ చూడండి. ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ అయితే కనీసం 10.1 ఉండాలి, 9తో మొదలైతే దోషం అదే. కొత్తది వేసి రీస్టార్ట్ చేయండి. పాత లెక్కతో ఎంబీఆర్ పార్టిషన్ చేసేసి ఉంటే, అందులోవి వేరేచోటికి కాపీ చేసుకుని, అది డిలీట్ చేసి జీపీటీకి మార్చండి.

వేరే కంప్యూటర్‌లో డేటా నింపిన డిస్క్‌ని ఇక్కడ పెడితే ‘ఇనిషియలైజ్ చేయాలా’, ‘ఫార్మాట్ చేయాలా’ అని అడగొచ్చు. క్యాన్సిల్ నొక్కండి. మీ డేటా ఎక్కడికీ పోలేదు, ఈ కంప్యూటర్ దాన్ని తప్పుగా చదువుతోంది, అంతే. డిస్క్ తీసేసి, డ్రైవర్ మార్చాకే మళ్లీ తగిలించండి.

సమస్య: పెద్ద డిస్క్ నుంచి విండోస్ బూట్ కావడం లేదు.

జీపీటీ డిస్క్ నుంచి విండోస్ బూట్ కావాలంటే యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త రకం) కావాలి. విండోస్ 7 అయితే 64 బిట్‌దే కావాలి. పాత బయోస్ అయితే విండోస్‌ని చిన్న డిస్క్‌లో ఉంచి, పెద్దదాన్ని డేటాకి వాడుకోండి. 32 బిట్ ఎక్స్‌పీ జీపీటీని అసలు చదవలేదు.

మిగతావి అరుదు. 137 జీబీ (విండోస్ లెక్కలో 128) దగ్గర ఆగితే అది ఐడీఈ కాలం (వెడల్పాటి కేబుల్‌తో తగిలించే పాత డిస్క్‌ల కాలం) నాటి 28 బిట్ హద్దు: ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 1 వేయండి, బయోస్ అప్‌డేట్ ఉంటే అదీ చేయండి. డిస్క్ అసలు తిరగకపోతే, కొన్ని కొత్త డిస్క్‌లు పవర్ కనెక్టర్ మూడో పిన్‌లో 3.3 వోల్టులు వస్తే ఆగిపోతాయి. 3.3 వోల్టుల వైరు లేని మోలెక్స్ అడాప్టర్‌తో (పాత నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్ నుంచి డిస్క్‌కి కరెంటు ఇచ్చేది) పెట్టి చూడండి.