చెట్ల కొత్త సంవత్సరం నాడు వాతావరణం గురించి మాట్లాడాలంటే

యూదుల పండగల్లో వాతావరణ మార్పు గురించి ఇంటిల్లిపాదీ మాట్లాడుకోవడానికి ఒక్కదాన్ని ఎంచుకోమంటే నేను తు బిష్వాత్ అంటాను. యూదుల క్యాలెండర్‌లో షెవాత్ నెల 15, పున్నమి, చెట్లకు కొత్త సంవత్సరం. మన దగ్గర మామిడి పూతకొచ్చే రోజుల్లోనే ఇజ్రాయెల్‌లో బాదం చెట్లు పూస్తాయి. 2027లో ఇది జనవరి 22 సాయంత్రం మొదలవుతుంది, ఆ రోజు శుక్రవారం, యూదులు పనులు మానేసే విశ్రాంతి దినం సబ్బాతు కూడా ఆ సాయంత్రమే మొదలవుతుంది కాబట్టి వంటా సర్దుడూ పొద్దుండగానే ముగించండి.

ఉపన్యాసం మాత్రం పెట్టకండి. 16వ శతాబ్దంలో సఫెద్ ఊరి కబ్బాలా (యూదుల మార్మిక విద్య) గురువుల నుంచి వచ్చిన సెదర్ పద్ధతే చాలు, అంటే ఒక వరసలో తింటూ, తాగుతూ, చదువుకుంటూ చేసే విందు. నాలుగు గ్లాసులు: మొదటిది తెల్ల ద్రాక్షరసం, రెండోదాంట్లో కాస్త ఎరుపు, మూడోదాంట్లో ఎక్కువ ఎరుపు, నాలుగోది దాదాపు పూర్తిగా ఎరుపు, అంటే చలికాలం నుంచి పంటకాలానికి. రంగు మారుతుంటే పిల్లలు కళ్ళార్పకుండా చూస్తారు, అప్పుడే అడగండి: ఈ ఏడు చలి ఎప్పుడొచ్చింది? పూత ముందే వచ్చిందా?

మధ్యలో మూడు పళ్ళేలు. పైతొక్క తీసేవి (దానిమ్మ, బాదం), లోపల గింజ ఉన్నవి (ఖర్జూరం, ఆలివ్), మొత్తం తినేవి (అంజూర, ద్రాక్ష). జనవరిలో దూరదేశం నుంచి విమానంలో వచ్చిన బెర్రీలు కొనకండి, ఎండు అంజూర, కిస్‌మిస్ పెట్టినా పండగకు లోటేం లేదు. గింజల పళ్ళెం దగ్గర యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లోని హోనీ అనే పండితుడి కథ చెప్పండి. కాయడానికి 70 ఏళ్ళు పట్టే కరోబ్ చెట్టును నాటుతున్న మనిషిని, నువ్వు అంతకాలం ఉంటావా అని హోనీ అడుగుతాడు. నేను పుట్టేసరికి కరోబ్ చెట్లున్నాయి, మా పెద్దలు నాటినవి, నేనూ నా పిల్లల కోసం నాటుతున్నా అంటాడతను. మా పక్కింటి యూదు కుటుంబంతో కూర్చున్నప్పుడు ఈ కథ అయ్యాక వాళ్ళ తాతగారు చేతిలో ఖర్జూరం గింజ తిప్పుతూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ తర్వాత తన చిన్నప్పటి వానల గురించి చెప్పడం మొదలుపెట్టారు.

మూడో పళ్ళెం దగ్గర ద్వితీయోపదేశకాండం 20వ అధ్యాయం చదవండి, ముట్టడిలో కూడా పండ్లచెట్టు నరకొద్దని ఉంటుంది. వృథా చేయకూడదనే నియమం, బల్ తష్‌హీత్, దాన్నుంచే వచ్చింది. ఆ పూట పేపర్ ప్లేట్లు వాడితే మాత్రం ఈ మాట చదవడానికి నోరు రాదు.

చెట్లు నాటించాలనుకుంటే ఆ నేలకు ఏది సరిపోతుందో కనుక్కున్నాకే డబ్బివ్వండి. 2010 డిసెంబర్‌లో, హనుక్కా పండగ రోజుల్లో, ఇజ్రాయెల్‌లో వానల్లేక ఎండిన కార్మెల్ కొండల్లో మంటలు లేచి 44 మంది చనిపోయారు, కాలిన వాటిలో మనుషులు నాటిన పైన్ చెట్లూ ఉన్నాయి.

ఆదివారం పొద్దున పిల్లలతో ఒక కుండీలో పార్స్‌లీ విత్తనాలు వేయించండి, సబ్బాతు నాడు నాటకూడదు కదా. 2027లో యూదుల క్యాలెండర్‌లో అధికమాసం ఉంది కాబట్టి మూడు నెలలకు పస్కా పండగ వస్తుంది, ఉప్పునీళ్ళలో ముంచి తినే కర్పాస్‌కు ఆ కుండీలోదే కోసుకోవచ్చు.