కోనసీమలో సాయంత్రం ఫొటోలు: ఎక్కడ చెడుతున్నాయి, ఏం చేయాలి

సముద్రానికి ఎదురుగా కూర్చుంటే సూర్యుడు వెనకెక్కడో దిగిపోయాడు

సెలవులకి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే, దీనికి కెమెరాతో సంబంధం లేదు. మనది తూర్పు తీరం. గోవా ఫొటోలు మనసులో పెట్టుకుని అంతర్వేది బీచ్‌లో అలలకేసి చూస్తూ కూర్చుంటే, ఆయన మన వెనక చెట్లలోకి దిగిపోతాడు. గోదావరి జిల్లాల్లో అస్తమయాన్ని ఏట్లో వెతుక్కోవాలి, అదీ తూర్పు గట్టున నిలబడి. గోదావరి పాయ వశిష్ఠ మీద దిండి, సఖినేటిపల్లి రేవు అలాంటి చోట్లే. నీళ్ల అవతల సూర్యుడు, నీళ్ల మీద ఆయన వెలుగు. రాజమండ్రి పుష్కర ఘాట్ నుంచి అయితే కొవ్వూరు వైపు దిగుతాడు. నర్సాపురం గట్టు మీద నిలబడితే మాత్రం అదే ఏరు పొద్దుటి ఫొటోకి పనికొస్తుంది. అంతర్వేదిలోనే తీయాలనుకుంటే బీచ్ వదిలేసి, ఏరు సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడవండి.

ఇంకో మెలిక ఉంది. సూర్యుడు సరిగ్గా పడమర దిగేది మార్చి, సెప్టెంబర్ నెలల్లో 20వ తేదీ దాటాకే. డిసెంబర్‌లో దాదాపు 24 డిగ్రీలు దక్షిణానికి, జూన్‌లో అంతే ఉత్తరానికి జరుగుతాడు. వేసవిలో వంతెన స్తంభాల మధ్య దొరికిన బింబం సంక్రాంతికి అక్కడ ఉండదు. బయల్దేరే ముందు ఫోన్‌లో ఆ రోజు దిక్కు చూపించే యాప్ ఒకసారి చూసుకోండి.

చేరేసరికి అయిపోయింది

మన దగ్గర సూర్యుడు ఏటవాలుగా కాకుండా దాదాపు నిటారుగా దిగుతాడు. బింబం అంచు తాకిందగ్గర్నించి మొత్తం మునగడానికి రెండు నిమిషాల పైచిలుకు, అంతే. దానికితోడు అవతలి గట్టున కొబ్బరి తోపు ఉంటే, పంచాంగంలో వేసిన టైంకి కొన్ని నిమిషాల ముందే మాయం. నవంబర్ చివర్లో ఐదున్నర ప్రాంతంలో, జూన్ చివర్లో ఆరున్నర దాటాక అస్తమిస్తాడు. ముప్పావుగంట ముందే రేవులో ఉండండి. ఆయన దిగిపోగానే పంటు (ఏరు దాటించే ఇంజను పడవ) కోసం పరిగెత్తకండి కూడా. పైన పలచటి మబ్బు ఉంటే అసలు రంగులు ఆ తరవాత పది, పదిహేను నిమిషాలకి వస్తాయి.

ఫొటో మసకగా, పొగ కమ్మినట్టు ఉంది

ఏసీ గదిలోంచో, ఏసీ కారులోంచో కెమెరా తెచ్చి నేరుగా గట్టు మీద తీస్తే చల్లటి లెన్స్ మీద తేమ పట్టేస్తుంది. ఎంత తుడిచినా మళ్లీ పడుతుంది. అరగంట ముందే బ్యాగులోనే, జిప్ వేసి, బయట పెట్టేయండి. మెల్లగా వేడెక్కాక తీస్తే తేమ పట్టదు. సముద్రం దగ్గర మసకకి కారణం వేరు, ఉప్పు తుంపర. పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే ఉప్పు పలుకులు గీతలు పెడతాయి, ముందు ఊదండి. ఫోన్ అయితే జిడ్డు వేలిముద్రలే అసలు దొంగలు.

బింబం తెల్లగా, ఆకాశం పాలిపోయి వచ్చింది

చీకటిగా ఉన్న గట్టునీ చెట్లనీ చూసి కెమెరా వెలుగు ఎక్కువ తీసుకుంది. ఫోన్‌లో సూర్యుడి పక్కన ఆకాశం మీద వేలు నొక్కి పట్టుకుని, లాక్ అయ్యాక వెలుగు కిందకి జరపండి. కెమెరాలో అయితే వెలుగు తగ్గించే, పెంచే సెట్టింగ్‌ని (ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్) మైనస్ ఒకటి, ఒకటిన్నర దాకా తగ్గించవచ్చు. రంగు ఇంకా చప్పగా ఉంటే వైట్ బ్యాలెన్స్ (వెలుగుని బట్టి రంగులు సరిచేసే సెట్టింగ్) ఆటోలో ఉందేమో చూడండి. నారింజ రంగుని అది తప్పనుకుని సరిదిద్దేస్తుంది. డేలైట్‌లో గానీ క్లౌడీలో గానీ పెట్టండి.

ఇలా తగ్గిస్తే మనుషులు నల్లగా పడతారు. నా మటుకు నాకు అదే ఇష్టం, పడవ మీద గెడ వేసే మనిషి అలా నల్లగానే బావుంటాడు. పిల్లల మొహాలు కనపడాలంటే ఫ్లాష్ వేయండి.

పంటు మీద తీసినవన్నీ చెదిరిపోయాయి

ఇంజను అదురు. స్టాండు వేస్తే ఇంకా పాడవుతుంది. చేత్తోనే పట్టుకుని, రెయిలింగుకి ఆనుకోకుండా, షట్టర్ వేగం సెకనులో 1/250వ వంతు కంటే తగ్గనివ్వకండి. ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వం) పెరిగి ఫొటోలో కాస్త గరుకు వచ్చినా ఫర్వాలేదు.

సూర్యుడు చుక్కంత పడ్డాడు

ఫోన్ మామూలు లెన్స్‌కి అంతే వస్తుంది. డిజిటల్ జూమ్ దండగ. పెద్ద బింబం కావాలంటే 200 మిల్లీమీటర్లు, ఆపైన లెన్స్ ఉండాలి. అది తగిలించిన డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే, లెన్స్ మార్చుకోగల కెమెరా)లో, ఎండ తీక్షణంగా ఉన్నంతసేపూ వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి సూర్యుణ్ణి చూడకండి, చూపు పోతుంది. వెనక స్క్రీన్ మీద చూసి తీయండి.