ఏ వేళకి ఏ పని – 3వ పాఠం: మధ్యాహ్నం రెండున్నర

పోయిన పాఠంలో చెప్పినట్టు నాలుగు రోజులు గంట గంటకూ మార్కులు వేశారా? బుర్ర చురుగ్గా ఉంటే 5, కళ్లు మూతలు పడుతుంటే 1. వేయనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. గుర్తు తెచ్చుకుని వేసిన మార్కులు పనికిరావు.

కాగితంలో ఒంటి గంట నుంచి నాలుగు దాకా చూడండి. చాలామందికి అక్కడ 2లు, 1లు ఉంటాయి. పాపం, నింద పప్పన్నం మీద పడుతుంది. కడుపునిండా తింటే మత్తు పెరిగే మాట నిజమే. కానీ అన్నం మానేసినా ఆ వేళకి కాస్త మందకొడితనం వస్తుంది. ఒంట్లోని గడియారం తీరే అంత.

ఆ గడియారం ఎంత మొండిదో చూడండి. 1938లో నథానియల్ క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్త, శిష్యుడు రిచర్డ్‌సన్‌తో కలిసి అమెరికాలో కెంటకీలోని మామత్ గుహలో 32 రోజులు గడిపాడు. ఎండ పొడ లేదు. రోజుకి 28 గంటలన్న లెక్కతో తిన్నారు, పడుకున్నారు. శిష్యుడి ఒళ్లు ఆ లెక్కకు సర్దుకుంది. గురువుగారి ఒంటి వేడి పెరిగి తగ్గే తీరు మాత్రం 24 గంటల లెక్క వదల్లేదు. ఒకే గుహలో ఇద్దరికి రెండు తీర్లు! అందుకే పక్కవాళ్ల టైంటేబుల్ కాపీ కొట్టొద్దంటాను.

నాది అకౌంట్స్ పని. నా మంగళవారం కాగితం ఇది: పదింటికి 5, పన్నెండుకి 3, రెండున్నరకి 1, ఐదింటికి 4. ఆ రెండున్నరకే ఒకసారి 54,000ని 45,000గా కొట్టేసి, తేడా ఎక్కడుందో తెలియక రాత్రి ఎనిమిది దాకా వెతికాను. ఇప్పుడు బ్యాంక్ స్టేట్‌మెంట్ సరిచూడటం పొద్దున పదింటికి మార్చాను. రెండు దాటాక వోచర్లు ఫైల్లో పెట్టడం, ఫోన్లు చేయడం.

మీరూ ఒక్క పనే మార్చండి. తప్పుపోతే ఎక్కువ చేటు చేసేది ఏదో చూసి, దాన్ని 5 ఉన్న గంటలోకి జరపండి. వేళలు మన చేతిలో లేవంటారా? పనుల వరస అయినా కొంత మన చేతిలోనే ఉంటుంది కదా.

సాయంత్రం టీతో నెట్టుకొద్దామనుకోకండి. టీలో నిద్రను ఆపే కెఫీన్ ఉంటుంది, తాగినదాంట్లో సగం దాదాపు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

ఐదు రోజులు ఇలా చేసి, దొర్లిన తప్పులు కాగితం పక్కనే రాయండి. రాత్రి పదకొండుకి 5 వేసుకున్నవాళ్ల సంగతి వచ్చే పాఠంలో.